రుమైథియా మెట్లమీద తైషాన్ కొండ

పోయిన వారం కువైట్‌లో, రుమైథియాలో మేమున్న ఇంటికి లిఫ్టు వచ్చింది. అల్ రాయ్ నుంచి వచ్చిన పనివాళ్లు దాన్ని మేడమెట్ల మధ్య ఖాళీలో దించడానికి మెట్ల కమ్మీ ఒకవైపంతా విప్పి గోడకు చేర్చి పెట్టారు. సిమెంటు దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంటే చూస్తూ కూర్చోలేక తడిగుడ్డ తీసుకుని ఆ కమ్మీ తుడవబోయాను. మలుపు దగ్గర, పైకి కనబడకుండా అడుగువైపున, ఒక రిబ్బను పీలిక ముడివేసి ఉంది. ఒకప్పుడు ఎర్రగా ఉండేది, ఇప్పుడు పాత ఇటుక రంగుకు వచ్చింది. ముడి మాత్రం బిగువుగానే ఉంది. పనివాళ్లలో ఒకతను దాన్ని తీసేయడానికి కత్తెర పట్టుకొస్తే వద్దన్నాను. ఎందుకని అడిగాడు. అదంతా చెప్పేంత హిందీ నాకు రాదు. మీకైతే తెలుగులోనే చెప్పొచ్చు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

కడప, రాజంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడి ఇళ్లలో వంటపని చేసుకుంటూ తలలు నెరిసిన నా ఈడువాళ్లకు మామా అంటే ఎవరో వివరించనక్కర్లేదు. తక్కినవాళ్ల కోసం చెబుతున్నాను, ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటాం. వచ్చిన కొత్తలో ఆ పిలుపు నా నోట పలికేది కాదు. మా పల్లెలో మామ అంటే మీసాలుండాలి, కోడలున్న చోటికి వచ్చేముందు ఒకసారి దగ్గాలి. కళ్లకు కాటుక పెట్టుకుని అత్తరు పూసుకున్న ఆడమనిషిని పట్టుకుని మామా అనడానికి నవ్వు ఆగేది కాదు. ఆ మామాకు మళ్లీ ఒక అత్తగారు. ఆమెను అందరం పెద్దమామా అనేవాళ్లం. మామకు అత్త అయిన పెద్దమామ అన్నమాట. ఈ వరస ఫోనులో చెబితే మా అమ్మ పూటంతా నవ్వుకుందట.

ఇరవై ఏళ్లు దాటిన మాట ఇది. పెద్దమామా గది మేడమీద ఉండేది. ఇల్లు కట్టినప్పుడు ఆ గదిని ఆమె ఏరికోరి తీసుకుందట, అక్కడినుంచి ఇంకొక్క వరస మెట్లెక్కితే మిద్దెమీదికి చేరవచ్చని. మిద్దెమీద ఆమెకు పనేమిటంటే, రేకు డబ్బాల్లో పుదీనా, తులసిలాంటి రెహాను పెంచడం, సాయంత్రాలు సముద్రం వైపు నుంచి వచ్చే గాలికి కూర్చోవడం, అన్నిటికంటే ముఖ్యంగా ఏటా రంజాను ముందు నెలపొడుపు చూడటం. టీవీలో చెబుతారు కదా అని కొడుకులంటే, టీవీ కంటే ముందు పుట్టిన కళ్లు నావి అనేది. ఆ ఇంట్లో పెద్దమామా దిగివచ్చి చెప్పేదాకా రంజాను వచ్చినట్టు కాదు.

ఒక చలికాలం ఆమెకు పక్షవాతం కొట్టింది. మాట కొద్దిగా తడబడి మళ్లీ సర్దుకుంది గానీ కుడికాలు మాత్రం సరిగా నిలవలేదు. ఆసుపత్రి నుంచి తెచ్చి కింద చుట్టాల గదిలో మంచం వేశారు. కొడుకులు చెడ్డవాళ్లు కారు, తల్లంటే ప్రాణం. ఆ ప్రాణమే వాళ్లచేత, ఇక అమ్మ ఎప్పటికీ కిందనే ఉంటుంది, మెట్ల జోలికి పోవద్దు అనిపించింది. మేడమీది ఆమె గదికి పెళ్లి కావలసిన మనవడి కోసం రంగులు వేయిద్దామన్నారు. పెద్దమామా వద్దనలేదు. వద్దనకపోవడం చూసి నాకు భయం వేసింది. ఎందుకంటే ఆమె దేనికైనా ముందు వద్దనే మనిషి. ఆ పూట అన్నం తినిపిస్తుంటే మెల్లగా, ఈసారి నెలను ఎవరు చూస్తారు అని ఒక్క మాట అడిగింది. ఎవరిని అడిగిందో తెలియదు, గదిలో ఉన్నది నేనొక్కదాన్నే. ఆ రోజునుంచి ఈ ముసలామెను రంజాను లోపల మిద్దె ఎక్కించాలని నాకు పట్టుదల పట్టుకుంది. జీతానికి వచ్చినదానివి నీకెందుకు అంటారా, పట్టుదలకు జీతంతో పనేముంది.

అప్పుడే చీనా డాక్టరమ్మ వచ్చింది. సూదులు గుచ్చి వైద్యం చేసే డాక్టర్లు చీనా నుంచి ఇక్కడికి కొంతకాలం కోసం వచ్చి పనిచేసి పోతుంటారు. ఎవరో చెబితే మామా ఆమెను పట్టుకుంది. అదే ఇంట్లో కారు నడిపే మా చిన్నమ్మ కొడుకు వారానికి ఇన్నిసార్లని పోయి ఆమెను తీసుకొచ్చేవాడు. సన్నటి మనిషి, జుట్టు చెవులదాకా కత్తిరించుకున్నది, నవ్వితే కళ్లు పూర్తిగా మూసుకుపోయేవి. మేము ముగ్గురం మాట్లాడుకునేది అరబ్బీ, అంటే నా వంటింటి అరబ్బీ, ఆమె ఆసుపత్రి అరబ్బీ, పెద్దమామా పుట్టుకతో వచ్చిన అరబ్బీ. ఇందులో రెండు కుంటివి, ఒకటే సరైనది. అయినా మా కబుర్లకు లోటు రాలేదు.

సూదులు కాలికి గుచ్చి, డాక్టరమ్మ పక్కనే కూర్చుని కదలకుండా ఉండమనేది. పెద్దమామాను కదలకుండా ఉంచడం ఆషామాషీ కాదు కాబట్టి ఒకరోజు సంచిలోంచి చిన్న ఫొటోల పుస్తకం తీసింది. అన్నీ ఒకే కొండవి. ఆమె ఊరు ఆ కొండ కిందనేనట, పేరు తైషాన్. చీనావాళ్లు అయిదు కొండలను పెద్దలుగా ఎంచుతారట. వాటిలో తూర్పున ఉన్న ఇది, పొద్దు పొడిచే దిక్కున ఉంది కాబట్టి, అన్నిటికీ పెద్దది. పాతకాలపు చక్రవర్తులు గద్దె ఎక్కాక ఆ కొండకు పోయి, ఆకాశానికీ భూమికీ మొక్కి, ఫలానావాణ్ని, నేను పాలిస్తున్నాను అని చెప్పుకుని వచ్చేవారట. కింది నుంచి కొనదాకా రాతిమెట్లు, వేల మెట్లు. దారి పొడవునా బండలమీద చెక్కిన అక్షరాలు, వాటికి ఎర్రరంగు. ఒకచోట వాగు పారే పలకబండ మీద బుద్ధుడి మాటలు మనిషి చేయి చాపినంత అక్షరాలతో చెక్కి ఉన్నాయి, నీళ్లు వాటిమీదుగా జారుతున్నాయి. బుద్ధుడు మా దేశంవాడే అని నేను కాస్త గొప్పగా అన్నాను. తెలుసు, పంపినందుకు సంతోషం అన్నట్టు డాక్టరమ్మ తల ఊపింది.

అంతటితో ఊరుకుంటే నేను రాజంపేటదాన్ని ఎలా అవుతాను. మా ఇంటి వెనక నిలబడితే శేషాచలం కొండలు కనబడతాయి. మా అమ్మతో కాలినడకన తిరుమల ఎక్కినదాన్ని. కాబట్టి తైషాన్ మెట్లకు అలిపిరి మెట్లను ఎదురు నిలబెట్టాను, వాళ్ల సైప్రస్ చెట్లకు మా ఎర్రచందనాన్ని, వాళ్ల మబ్బులకు మా మబ్బులను. అక్కడ కావళ్లు మోసేవాళ్లు మెట్లకు నిట్టనిలువుగా పోకుండా ఈ పక్కకూ ఆ పక్కకూ వంకరగా ఎక్కుతారని ఆమె చూపిస్తే, మా దగ్గర మోకాళ్లమీద ఎక్కేవాళ్లుంటారని నేను చెప్పాను. పిల్లలు లేని ఆడవాళ్లు చెట్టుకొమ్మ చీలికలో చిన్నరాయి పెట్టి కొండతల్లికి మొక్కుతారని ఆమె అంటే, ఇల్లు కావాలనుకునేవాళ్లు మెట్లదారిలో రాయిమీద రాయి పేరుస్తారని నేను. కొండతల్లి అన్నానా, అక్కడ పెద్ద దేవుళ్లెందరున్నా జనం ప్రేమగా ఎక్కేది ఆ అమ్మవారి కోసమేనట, తైషాన్ ముసలమ్మ అని పిలుస్తారట. ముసలమ్మ అనేసరికి పెద్దమామా మూతి బిగించి, నాకూ ఒక కొండ ఉంది అంది. కొత్త కోడలుగా ఉన్నప్పుడు హజ్‌కు పోయి అరఫాత్ దగ్గర కరుణకొండ ఎక్కిందట. మీవంత ఎత్తు కాదు గానీ మా అందరి కన్నీళ్లూ అక్కడే ఉన్నాయి అంది. ఆ మాటకు మేమిద్దరం పోటీ మానుకున్నాం. ఈ కువైట్ నేలమీద ఎటు చూసినా చదునే, ఉత్తరాన ఒక ఇసుకగట్టు తప్ప లేదు. అలాంటి చోట చుట్టాల గదిలో మాకు మూడు కొండలు చేరాయి.

ఇంకో విషయం చెప్పకపోతే నా నోరు ఊరుకోదు. చీనాలో మామా అంటే అమ్మేనట. మరి ఆలి తండ్రిని ఏమంటారు అని అడిగితే, మర్యాదగా పిలవాలంటే తైషాన్ అనే అంటారట, కొండంత పెద్దదిక్కు అని. అంటే మా మామ వాళ్లకు కొండ, వాళ్ల అమ్మ మాకు మామ. ఇది పెద్దమామాకు అరబ్బీలో వివరించడానికి నేను పడ్డ పాట్లు చూసి డాక్టరమ్మ సూదులు తీయడం కూడా మరిచిపోయింది.

కొన్నాళ్లకు కాలిలో కదలిక వచ్చింది. ఇక నిలబెట్టి నడిపించాలంది డాక్టరమ్మ. ఒకవైపు నేను, ఒకవైపు ఆమె. పెద్దమామా అడుగు ఎత్తగానే డాక్టరమ్మ నోటివెంట ఆమె భాషలో మాన్‌మాన్, మాన్‌మాన్ అని వచ్చేది. మా వైపు మాను అంటే చెట్టు. చింతమాను, వేపమాను అంటాం. ఫొటోలో చూపిన చెట్లను తలుచుకుంటోంది కాబోలు అనుకున్నాను మొదట. తలుచుకుంటే అంత కంగారుగా ఎందుకంటుందని తోచి, మాను అంటే మానెయ్, ఆపు అనే అర్థం తట్టింది. డాక్టరు ఆపమంటే ఆపాలి కదా. అప్పటినుంచి ఆమె మాన్‌మాన్ అన్నప్పుడల్లా నేను ముసలామెను పట్టి కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని. డాక్టరమ్మ మళ్లీ లేపేది, మళ్లీ మాన్‌మాన్ అనేది, నేను మళ్లీ కూర్చోబెట్టేదాన్ని. పెద్దమామా లేచేది, కూర్చునేది. ఎన్నో పూటలు ఇదే తంతు. ఇంటికి పోతూ కారులో డాక్టరమ్మ, మీ అక్కకు ఆ ముసలామె నడవడం ఇష్టం లేదా అని అడిగిందట.

తిరిగివచ్చి తమ్ముడు వంటింటి గుమ్మంలో నిలబడి, "అక్కా, ఆయమ్మ నిదానంగా పొమ్మంటాంటే నువ్వు ముసలామెను కుర్చీలో కూలేస్తాండావంటనే" అన్నాడు.

"మాను మాను అంటాంటే ఆపకుండా యాడికి పొమ్మంటావు నన్ను" అన్నాను నేను.

మరుసటిసారి డాక్టరమ్మ నా ఎదురుగా నిలబడి, మాన్‌మాన్ యానీ శ్వయ్య శ్వయ్య అని చెప్పింది. మెల్లగా, మెల్లగా అని. తైషాన్ మెట్లమీద ఎదురుపడినవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే మాటట, ఎక్కేవాళ్లు దిగేవాళ్లకు, దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు. విషయం అర్థమయ్యాక పెద్దమామా నవ్విన నవ్వుకు మామా పరుగెత్తుకొచ్చింది, మళ్లీ ఏదైనా వచ్చిందేమోనని. జబ్బు చేశాక ఆమె అలా నవ్వడం అదే మొదలు. ఆ రోజు నన్ను ఒక్కసారి కూడా కూర్చోబెట్టనివ్వలేదు. నేను పట్టుకోబోతే, మాను మాను అని నన్నే వెక్కిరిస్తూ గది ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది.

తరువాత మెట్లు. కొడుకులు ఇంట్లో లేని పొద్దుటిపూటలే మాకు దొరికేవి. డాక్టరమ్మ మెట్లకు తైషాన్ పేర్లు పెట్టింది. కింది మెట్టు ఎర్రవాకిలి, మలుపు నడిమి ఆకాశద్వారం, మేడమీదినుంచి మిద్దెకు పోయే నిట్టనిలువు వరస పద్దెనిమిది మలుపులు, మిద్దె తలుపు దక్షిణపు ఆకాశద్వారం. ఒక్కొక్క చోట కమ్మీకి ఎర్ర రిబ్బను కట్టింది, వాళ్ల కొండమీద మొక్కుకునేవాళ్లు కట్టినట్టు. మాకైతే మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెట్టడం అలవాటు, నా వేళ్లు జిలపెట్టేవి. పరాయి ఇల్లు, వాళ్ల నమ్మకం వాళ్లది, ఆ పని చేయలేదు. దానికి బదులు రోజూ పొద్దున్నే వంగి ప్రతి మెట్టునూ తడిగుడ్డతో తుడిచేదాన్ని. ఎవరూ చూడకపోతే వేళ్లు కళ్లకు అద్దుకునేదాన్ని. మామా మాత్రం నా చేతిలో మెట్లు అద్దాల్లా ఉన్నాయని చుట్టాలకు చెప్పుకుంది.

పెద్దమామా మలుపుదాకా వచ్చేది, అక్కడ ఆగిపోయేది. మాకు ఆ మలుపు మోకాళ్లమెట్టు అయింది. ఒకరోజు అక్కడ కూలబడి, ఎండిపోయిన కాలు ఇది, దీనికెందుకింత తిప్పలు అంది. డాక్టరమ్మ ఆమె పక్కనే మెట్టుమీద కూర్చుంది. తన అమ్మమ్మ చిన్ననాడు తైషాన్ చాలావరకు బోడికొండేనట. గుళ్ల దగ్గరా దారి పక్కనా ఉన్న ముసలి చెట్లు తప్ప మిగతావన్నీ వంటచెరకు కింద పోయి, యుద్ధాల్లో పోయి, వానకు మట్టి కొట్టుకుపోయి రాయి బయటపడి ఉండేదట. తరువాత ఊళ్లవాళ్లు బుట్టల్లో మట్టి మోసుకుపోయి రాళ్ల సందుల్లో పోసి మొక్కలు నాటారట. సగం చచ్చిపోతే మళ్లీ నాటారట. ఇప్పుడు ఎక్కేవాళ్లకు ఎండ తగలనంత అడవి ఉంది. చల్లటి వాగుల్లో చేపలు, మబ్బుల్లో దేవదారులు, పక్షులు. ముసలి చెట్లకైతే కర్రలు ఊతం పెట్టి, కంచెలు కట్టి, చూసుకోవడానికి మనుషులే ఉన్నారట. ఇదంతా విని నేను మా భాషలో, అయితే కొండ మానిందన్నమాట అన్నాను. అని, అన్న మాటకు నేనే ఆగిపోయాను. పుండు మానింది అంటాం కదా మనం. నయమైనా మానడమే, చెట్టయినా మానే. ఆ మాటను ఇద్దరికీ విడమరిచి చెప్పాను. పెద్దమామా కాసేపు తన కాలినే చూసుకుంది. కమ్మీ పట్టుకుని లేచింది.

రంజానుకు ముందుండే షాబాను నెల ఆఖరుకు డాక్టరమ్మ గడువు కూడా తీరింది. నెలపొడుపు చూసే సాయంత్రం చివరిసారిగా చూసిపోదామని వచ్చింది. కొడుకులు, కోడళ్లు కింద టీవీ ముందు చేరారు. పెద్దమామా అబాయా కప్పుకుని గదిలోంచి తనంతట తాను వచ్చి, ఎర్రవాకిలి దగ్గర నిలబడింది. పెద్దకొడుకు లేచి ఎత్తుకుపోతానన్నాడు. నా కాళ్లు నాకున్నాయి అని వాణ్ని పక్కకు జరగమంది. మలుపు దాటింది. మేడమీద తన గది తలుపు పట్టుకుని ఊపిరి తీసుకుంది. రంగుల డబ్బాలు అప్పటికే గది ముందు పెట్టి ఉన్నాయి, వాటివైపు చూడలేదు. పద్దెనిమిది మలుపుల దగ్గర కుడికాలు వణకడం వెనకనున్న నాకు కనబడింది. పడితే నాదే కదా పాపం. మాను మాను అని అరిచాను, ఆపమనో మెల్లగా అనో నాకే తెలియదు. పైన తలుపు తెరిచి పట్టుకున్న డాక్టరమ్మ మాన్‌మాన్ అంది. కింద నిలబడ్డ పెద్దకొడుకు కూడా ఎందుకో అదే మాట అన్నాడు. ఆమె ఆగలేదు. ఒక్కొక్క మెట్టు, మెల్లగా, ఆకాశద్వారం దాటి మిద్దెమీద అడుగు పెట్టింది.

దుమ్ము పట్టిన ఆకాశం, పడమటన ఇంకా కొద్దిగా ఎరుపు. అందరం చూశాం, ఎవరికీ ఏమీ కనబడలేదు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాం. పెద్దమామా మాత్రం చేయి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, అదిగో అంది. కొడుకులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కాసేపటికి కింద టీవీలోనూ రేపటినుంచి ఉపవాసాలని చెప్పారు. ఆమె నిజంగా చూసిందా అని నన్ను ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. చూసిందనే చెబుతాను. మరుసటిరోజు రంగుల డబ్బాలు వెనక్కి పోయాయి, ఆమె మంచం మేడమీదికి పోయింది. ఆ తరువాత మరికొన్ని రంజానులు ఆమె మిద్దెమీదినుంచే ప్రకటించి, ఒక ఎండాకాలం తన గదిలోనే కన్నుమూసింది.

డాక్టరమ్మ వాళ్ల ఊరు పోయాక, ఆమె తరువాత వచ్చిన డాక్టరు చేతికి ఒక ఫొటో ఇచ్చి పంపింది. కొండమీద కమ్మీకి ఎర్రగుడ్డ కట్టి పక్కన నిలబడి ఉంది, ఆ గుడ్డ పెద్దమామా పేరుమీద కట్టిందట. కొండకు తీగలమీద నడిచే బండ్లు ఉన్నాయని, వాళ్లమ్మ మాత్రం వాటిని ఎక్కనంటుందని కూడా చెప్పి పంపింది. మా తిరుమలకూ బస్సులున్నాయి, ఈ ఇంటికీ ఇప్పుడు లిఫ్టు ఉంది. నేను వీటిని తిట్టే మనిషిని కాను. మోకాళ్లు నొప్పెడుతుంటే ఏ దేవుడూ మెట్లే ఎక్కి రమ్మనడు. లిఫ్టులో మొన్న ఒకసారి పోయాను కూడా, కడుపులో తిప్పినట్టయింది గానీ బాగానే ఉంది. ఒక్కటే లోటు, అందులో ఎవరూ ఎవరికీ మెల్లగా అని చెప్పాల్సిన పని లేదు.

పనివాళ్లు కమ్మీ మళ్లీ బిగించి పోయిన సాయంత్రం పిల్లలందరూ కేకలు పెడుతూ లిఫ్టులో పైకీ కిందికీ తిరిగారు. వాళ్ల గోల తగ్గాక మామా చేతికర్ర పట్టుకుని బయటికి వచ్చింది. ఇప్పుడు ఆమెది అప్పటి పెద్దమామా ఈడు, నాదీ ఇంచుమించు అంతే. లిఫ్టు తలుపు తెరుచుకుని ఎదురుచూస్తోంది. దాన్ని ఒకసారి చూసి, మెట్లవైపు తిరిగి, నా భుజం మీద చేయి వేసి, పదమన్నట్టు యల్లా, మాను మాను అంది. అది ఏ దేశపు మాటో ఆమెకు తెలియదు. మా అత్తగారి మాట అని పిల్లలకు చెబుతుంటుంది. నేను ఎప్పుడూ దిద్దలేదు, దిద్దడానికి అందులో తప్పేమీ లేదు. ఇద్దరం ఎర్రవాకిలి దగ్గర కాలు పెట్టాం. మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటూ, ఆమె కమ్మీ కింద చేయి పెట్టి తడుముకుంది. ముడి ఉందో లేదో చూసుకుంటోంది.